నక్క నిలబడ్డ చోటు

ఆ ఏడు వానల్లేవు. వాగంతా ఎండిపోయి, ఇసకలో ఒక్కటంటే ఒక్క చెలమ మిగిలింది. అందులో ఊరే నీళ్లు ముందొచ్చినోళ్లకి సరి, వెనకొచ్చినోళ్లకి బురదే. కొట్టుకుచచ్చేకంటే ఫుట్‌బాల్ ఆడి తేల్చుకుందామని రెండు ఒడ్ల జంతువులూ ఒప్పుకున్నాయి. గెలిచినోళ్లు ఎండాకాలమంతా ముందు తాగాలి. ఎవరో పారేసిన ఎండు సొరబుర్ర బంతి. గీత పక్కన ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ రెఫరీ.

ఈ ఒడ్డు కుందేలుకి బొరియలో రెండు పిల్లలు. నాలుకలు పిడచకట్టి నిన్నటి నుంచి లేవట్లేదు.

ఆటకి ముందు అదే జట్టు ఎద్దు దాన్ని పక్కకి పిలిచింది. "ఒరే అబ్బాయ్, విను. వాళ్ల సగంలోకి పోయాక, నేను బంతి తన్నేటప్పటికి నువ్వు బంతికంటే ముందుంటే, నీకూ గోలుకీ మధ్య వాళ్లు ఇద్దరన్నా ఉండాలి. గోల్లో ఎలుగు ఒకడు, వాడి ముందు నక్క. నక్కకి సమానంగా నిలబడ్డా పర్లేదు. దాటావా, ఆఫ్‌సైడు. గోలు చెల్లదు."

"ఎలుగు ఒకటి, నక్క రెండు. అంతేగా పెదనాన్నా!"

"అంతే కాదురా. బంతి నీకందినప్పుడు చూడరు, నేను తన్నినప్పుడు..."

కుందేలు అప్పుడే ఉరికింది.

"చెవులు మూరెడున్నాయి, మాట ఒక్కటీ ఎక్కదు" అని ఎద్దు నిట్టూర్చింది.

ఎంతసేపాడినా ఎవరికీ గోలు పడలేదు. పొద్దు కొండ మీదకి వాలింది. అది దిగితే ఆట అయిపోయినట్టే. కుందేలు పోయి నక్క పక్కన, సరిగ్గా సమానంగా నిలబడింది.

"ఏం అల్లుడూ, పిల్లలు బాగున్నారా?" అంది నక్క.

"ఏం బాగు మామా. లేవట్లేదు."

"అయ్యయ్యో. నా మోకాలు పట్టేసింది, ఇక్కణ్ణించి కదల్లేను. నావైపు చూడనక్కర్లేదు, బంతి మీదే కన్నెయ్యి."

"మంచోడివి మామా."

ఎద్దు కాలెత్తింది. కుందేలు బంతినే చూస్తోంది. కాలు బంతికి తగిలేలోపు నక్క చప్పుడు లేకుండా నాలుగడుగులు ఎద్దు వైపు నడిచింది. బంతి పైకి లేచిందో లేదో, మోకాలు నొప్పీ లేదు ఏమీ లేదు, మళ్లీ వెనక్కి ఉరికింది. బంతి దిగేసరికి నక్క ఎలుగు పక్కనే ఉంది.

ఇద్దరి మధ్యలోంచి కుందేలు తన్నింది. గోలు!

"నీళ్లురా పిల్లలూ!" అని గెంతి వెనక్కి చూస్తే, కొంగ రెక్క ఎత్తి ఉంది.

"ఆఫ్‌సైడు."

"అదేంటి కొంగక్కా! బంతి నాకొచ్చినప్పుడు నక్క నా ముందే ఉందిగా!"

"ఉంది. ఎద్దు తన్నినప్పుడు లేదు. అప్పుడు నీ ముందు ఎలుగు ఒక్కడే."

"నక్కే కదిలింది! నేను కదల్లేదు!"

"అది కదలడం తప్పు కాదు. నువ్వు చూసుకోకపోవడమే తప్పు."

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు అవతలోళ్లకి ఫ్రీకిక్ వచ్చింది. ఈ ఒడ్డోళ్లంతా ఇంకా అవతలి గోలు దగ్గరే ఉండగా, బంతి అందుకున్న వాళ్ల అడవిపంది ఆపేవాళ్లు లేకుండా పోయి గోలు కొట్టింది. పొద్దు దిగింది.

తెల్లారి ఆ ఒడ్డోళ్లు కడుపునిండా తాగారు. "బురద కాస్త తేరుకున్నాక తాగు అల్లుడూ" అంటూ నక్క మీసాలు నాక్కుంది. కుందేలు తడి ఇసక నోట కరుచుకుని బొరియకి పోయింది. పెద్దది నాకింది. చిన్నది నోరు తెరవలేదు.

ఎద్దు మొహం తిప్పుకుంది.

ఎదుటోడు నిలబడ్డ చోటుని నమ్ముకుని నువ్వు నిలబడితే, వాడు కదిలినప్పుడు తప్పు నీదవుతుంది.