నాపరాళ్ల గనిలో కొండగూబ

దస్తగిరి సారును ఎవరేం అడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. "చెప్పులేసుకో, పోదాం పా" అనేవాడు, అంతే. ముప్పయ్యేళ్లు బేతంచెర్లలో పెళ్లి ఫోటోలు తీసి, వచ్చిన వాళ్లందరి చేత గడ్డం పైకెత్తించి, పళ్లు కనిపించేలా నవ్వించి, చివరికి విసుగెత్తిన మనిషి. స్టూడియో మూసేశాక పిట్టల వెంట పడ్డాడు. పిట్టలైతే "నేను నల్లగా పడ్డాను" అని పోట్లాడవు గదా అనేవాడు.

ఆయన దగ్గర నేర్చుకుంటున్నది భ్రమరాంబ. తపాలా ఆఫీసులో ఉద్యోగం, ఇద్దరు పిల్లల తల్లి, పట్టుదలలో ఉడుము. ఆమె చేతికి సారు ఇచ్చింది ప్రైమ్ లెన్స్. జూమ్ ఉండదు. ఎంత తిప్పినా, ఎందరు దేవుళ్లకు మొక్కుకున్నా, దూరంగా ఉన్నది దగ్గరికి రాదు. బొమ్మ పెద్దది కావాలంటే మనిషి కాళ్లకు పని చెప్పాల్సిందే.

ఊరి బయట పాడుబడిన నాపరాళ్ల గని ఒకటి ఉంది. దాని గోడలో, మనిషి నిలువెత్తుకు పైన, అరుగులాంటి చోట ఒక కొండగూబ పిల్లను పెట్టుకుని ఉంది. దాన్ని ఫోటో తీయడానికి సారు ఒక పద్ధతి పెట్టాడు. కూర్చునే చోట ఒక నాపరాయి ముక్క వేయాలి. గంటసేపు గూబ నిద్ర చెడకపోతే, మర్నాడు ఆ ముక్కను ఒక్క అడుగు ముందుకు జరపాలి. గూబ రెండు కళ్లూ తెరిచిందంటే ముక్కను వెనక్కి లాగి, కెమెరా సంచిలో పెట్టుకుని ఇంటికి రావాలి. భ్రమరాంబ పద్దెనిమిది రోజులు అలాగే చేసింది. పొద్దున్నే గూబ మొహం చూసి ఆఫీసుకు వస్తావా తల్లీ అని తోటివాళ్లు ఆటపట్టించినా మానలేదు.

ఇంతలో ఊరి గ్రంథాలయంలో ఫోటోల ప్రదర్శన పెట్టారు. ఇక ఒక్క రోజే ఉంది, మర్నాడు పొద్దున్నకల్లా ఫోటో ఇవ్వాలి. పుట్టి బుద్ధెరిగాక ఆమె పేరు ఒక గోడమీద కనిపించబోవడం అదే మొదలు. తీసిన వాటిల్లో చూస్తే గూబ రేగ్గాయంత ఉంది. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"అసలు ఎంత దగ్గరికి పోవాల సార్? ఆ ఒక్క ముక్క చెప్పండి" అని అడిగింది.

"చెప్పులేసుకో" అన్నాడు సారు.

పొద్దున ఏడు గంటలకు గనిలోకి దిగారు. తల్లిగూబ పిల్లను పక్కన పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. సారు రాళ్లగుట్ట దగ్గరే ఆగిపోయాడు. భ్రమరాంబ తన రాయి దాకా వెళ్లి కూర్చుంది. ఇంకో ఏడెనిమిది అడుగులు పోతే చాలు. ఏడెనిమిది రోజులు ఎక్కడున్నాయి? వెనక్కి తిరిగి సారును చూసింది. ఆయన పొమ్మనలేదు, వద్దనలేదు. లేచి, ఆ ఎనిమిది అడుగులూ ఒక్కసారే వేసేసింది.

గూబ నిటారుగా లేచి నిలబడింది. నెత్తిమీది ఈకలు కొమ్ముల్లా పైకి లేచాయి. నిప్పురంగు కళ్లు రెండూ విచ్చుకుని ఆమెనే చూశాయి. అబ్బ, ఏం కళ్లవి! భ్రమరాంబ ఆపకుండా నొక్కింది. మరుక్షణం గూబ రెక్కలు చాచి వెలుతురులోకి ఎగిరిపోయింది. కాకులు ఎక్కడినుంచి వచ్చాయో, గోలగోలగా దాని వెంటపడ్డాయి.

"పడింది సార్! ఎంత బాగా పడిందో చూడండి!" అంటూ పరిగెత్తుకొచ్చింది. సారు కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"బాగుంది పాపా. భలే తీసినావు" అన్నాడు. అని, అరుగు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు ఆమె కూడా చూసింది. తెల్లటి నూగుతో దూదిపింజలాంటి పిల్ల ఒక్కటే ఉంది. దాని మీద ఎండ పడుతోంది. వెంటపడిన కాకుల్లో రెండు తిరిగొచ్చి అరుగు చివర వాలాయి. పిల్ల ఒళ్లంతా ఉబ్బించుకుని ముక్కు టకటకలాడించింది. కాకి ఒక గెంతు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చింది. భ్రమరాంబ కాకులను కొట్టడానికి చటుక్కున వంగింది. రాయి అందుకుంది.

"అది పిల్లకు తగిలితే?" అన్నాడు సారు. "మనం కనపడతాంటే తల్లి రాదు. పా."

ఇద్దరూ రాళ్లగుట్ట వెనక్కి తగ్గి, ఇంకా తగ్గి, గని అంచుదాకా పోయి కూర్చున్నారు. ఆ అరగంటలో ఆమె తనను తాను తిట్టుకోని తిట్టు లేదు. పాడు ఫోటో, పాడు ఆశ, పసిదాన్ని కాకుల నోట పెట్టానే అనుకుంది. అనుకుంటుండగానే పెద్ద నీడ ఒకటి గోడమీదుగా సాగింది. కాకులు చెదిరిపోయాయి. తల్లి అరుగు మీద వాలి, పిల్లను రెక్క కిందికి లాక్కుంది. భ్రమరాంబ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఏడుస్తూనే నవ్వింది. గూబ తల తిప్పి, ఆ దూరంనుంచి వాళ్లిద్దరినీ ఒకసారి చూసింది. తర్వాత మెల్లగా కళ్లు మూసుకుంది. అప్పుడు ఆమె ఒకే ఒక్క ఫోటో తీసింది.

మర్నాడు గ్రంథాలయం గోడమీద పెట్టింది ఆ చివరి ఫోటోనే. పెద్ద రాతిగోడ, అందులో ఎక్కడో రెండు రేగ్గింజలంత తల్లీ పిల్లా. ఒక పెద్దాయన ఫ్రేము దగ్గరికొచ్చి, ముక్కు ఆనించినంత పని చేసి వెతికి, గూబను కనిపెట్టి నొచ్చుకున్నాడు.

"అయ్యో, కండ్లు మూసుకునిందే! పిలిచి ఇట్ల చూడమని చెప్పకపోయినారా దస్తగిరీ? పెండ్లిళ్లలో అంత అరుస్తాంటివే!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. భ్రమరాంబ కూడా నవ్వింది, ఆమెకు ఆ పూట మనసు నిండుగా ఉంది.

"పిలవలేదప్పా" అన్నాడు సారు. "మేం ఆడున్నామని దానికి తెలుసు. తెలిసే నిద్రపోయింది."