వంతెన కింది తెల్లనడుము పిట్టలు

దక్షిణాఫ్రికాలో, చెరకుతోటల నడుమ ఒక ఊళ్లో, చూపుకంటే ముందు నోరు పరిగెత్తే దాలయ్య అనే పిట్టల పరిశీలకుడు ఉండేవాడు.

ఆ ఊరి ఏటి వంతెన కింద స్విఫ్ట్ పిట్టలు గూళ్లు కట్టుకునేవి. పొద్దు వాలితే చాలు, వందల పిట్టలు సన్నగా కీచుమంటూ నీటిమీద సుళ్లు తిరిగేవి. చూస్తూ నిలబడితే, కాళ్లు నేల విడిచి తానూ తేలిపోతున్నట్టుండేది దాలయ్యకు. ఈ పిట్టలు ఎగురుతూనే కునుకు తీస్తాయంటారు. కలలు కూడా అక్కడే కంటాయేమో, ఎవరు చూడొచ్చారు!

ఒకనాడు వంతెన బాగుచేసే జబులాని మేస్త్రీ దాలయ్య దగ్గరికి వచ్చాడు. "పగుళ్లు పూడ్చాలి, గూళ్లు గీకెయ్యాలి. ఈ పిట్టలు ఎప్పుడు వెళ్తాయి సార్?" అన్నాడు.

అక్కడ తెల్లనడుము స్విఫ్టులు రెండు రకాలు. తోక చీలినవి చలికాలం రాగానే, అంటే అక్కడ మే నెలకల్లా, ఉత్తరానికి వెళ్లిపోతాయి. తోక చీలనివి ఏడాదంతా అక్కడే ఉంటాయి, వాటి నడుముమీద తెలుపు కాస్త వెడల్పు. అంతే తేడా. అదైనా ఆ వేగంలో ఎవరికి అందుతుంది?

దాలయ్య తలెత్తాడు. ఒక పిట్ట మలుపు తిరుగుతూ తోక విప్పింది. చీలిక కనబడింది. ఇంకేముంది!

"చీలుతోకవే! మే నెలకల్లా ఒక్కటీ ఉండదు, రాసుకో" అన్నాడు.

వంతెన పక్కనే కాపురముండే మేనత్త ఎర్రయ్యమ్మ ఆ మాట విన్నది. "ఒరే దాలీ, ఒక్క మెతుకు పట్టి చూడ్డానికి ఇదేం అన్నమట్రా? నాలుగు రోజులు కూర్చుని చూసి చెప్పు" అంది.

"ఈ పిట్టల్ని చూసీ చూసీ తల నెరిసిందత్తా, నాకు తెలీదూ!" అని నవ్వేశాడు.

మే వచ్చింది. ఓ ఉదయం దాలయ్య ఏటి వైపు నడిచాడు. మంచు పాలలా పరుచుకుని ఉంది. అందులోంచి కీచులు వినబడ్డాయి.

పిట్టలు వెళ్లలేదు. మంచులో మునుగుతూ తేలుతూ పిచ్చెత్తినట్టు తిరుగుతున్నాయి. ఒక్కదాని తోకకూ చీలిక లేదు. ఆనాడు అతను చూసింది, పాత గూట్లో దూరిన పరాయి చీలుతోక జంటలో ఒకదాన్ని. పాపం, ఆ జంట మాత్రం అన్నట్టే వెళ్లిపోయింది.

"ఆపండి! ఆపండయ్యా!" అని గూళ్లు గీకుతున్న జబులాని కూలీల వైపు దాలయ్య పరుగెత్తాడు.

అప్పటికే సగం గూళ్లు రాలిపోయాయి. ఈకల కుప్పల్లో కళ్లు తెరవని పిల్లలు పడి ఉన్నాయి.

"మీరే కదా సార్ రాసుకోమన్నారు?" అన్నాడు జబులాని, చేతిలో గీకుడుకర్ర దించేసి.

దాలయ్య కూలీలందరి ఎదుటా, "తప్పు నాదే. మిగిలినవాటిని ముట్టుకోకండి" అన్నాడు. వాళ్లు పని ఆపేశారు. మిగిలిన గూళ్లు దక్కాయి.

ఇంతలో ఒక తల్లిపిట్ట నోటినిండా పురుగులతో వచ్చింది. గూడు లేని గోడను గోళ్లతో పట్టుకుని వెతికింది. వెళ్లింది, మళ్లీ వచ్చింది. సాయంత్రం దాకా వస్తూనే ఉంది. దాలయ్య అక్కడే కూర్చుని ఏడ్చాడు.

ఒకదాన్ని చూసి గుంపంతటి సంగతీ తేల్చెయ్యకూడదు పిల్లలూ, మన తొందరకు నష్టపోయేది మనం కాదు.