కొబ్బరి పీచు మనసు

కొండ కింద జీడిమామిడి తోట. తోటకీ పైడమ్మ పశువుల సాలకీ మధ్య వెదురు కంచె. ఆ కంచె అవతల రోజూ పొద్దున్నే ఒక నక్క వచ్చి కూర్చునేది, కచేరీకి వచ్చిన పెద్దమనిషిలా.

"మనసులు చదువుతాను. ముట్టుకోను, వాసన చూడను, ఒక్క వెంట్రుక చాలు. మనశ్శాస్త్రం అంటే అదే," అనేది.

చదివించుకున్నవాళ్ళలో వేళ్ళు లేనివాళ్ళు కూడా ముక్కు మీద వేలేసుకున్నారు.

బొల్లి అనే మేకకు ఆ నక్కతో ఏ పనీ ఉండేది కాదు, తన పిల్ల బాగుంటే. పిల్ల పేరు చుక్క. పది రోజులుగా మేతకు వెళ్ళడం లేదు. మంద బయలుదేరే వేళకు సాల మూలకు పోయి గోడకు అతుక్కుంటుంది. ముట్టుకుంటే వణుకు. శుక్రవారం పొద్దున్న పైడమ్మ దాని డొక్క తడిమి, "ఎండిపోతోంది. గురువారం సంతకు తోలేస్తాను," అంది పక్కింటామెతో.

సంతకు వెళ్ళిన మేకపిల్లలు చివరికి ఏమవుతాయో సాలలో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు.

బొల్లి నెమరు వేయడం మానేసింది. చుక్క వెంట్రుక ఒకటి పట్టుకుని కంచె దగ్గరకు నడిచింది.

నక్క కళ్ళు మూసుకుంది. "నీ పిల్ల పైకి మామూలుగా ఉంటుంది తల్లీ. లోపల చెప్పుకోని దిగులు. నలుగురిలో ఉన్నా ఒంటరిది. దాని విలువ ఇంట్లోవాళ్ళకు తెలియలేదు. అవునా?"

"అవునయ్యా."

"చిన్నప్పుడు ఒక దెబ్బ తగిలింది. ఒంటికి కాదు."

బొల్లి కంచెకు ఇంకా దగ్గరగా జరిగింది. "అవునయ్యా, అవును. ఇప్పుడేం చెయ్యాలి?"

"బుధవారం పొద్దున్న తోటలోకి పంపు. మూడు పూటలు నా దగ్గరుంటే చాలు. నువ్వు రాకూడదు సుమా. తల్లి పక్కనుంటే పిల్ల మనసు విప్పదు. గొర్రె గంగ తన పిల్లను పంపలేదా? కుదుటపడి, కొండ మీద మందలో కలిసిపోయింది. కావాలంటే గంగనే అడుగు."

అడగక్కర్లేదు. ఎవరూ అడగకపోయినా గంగ నెల రోజులుగా ఆ మాటే చెబుతోంది.

తిరిగి వస్తుంటే ఎర్రెద్దు చూసింది. ముసలిది. పదేళ్ళు నూనె గానుగ తిప్పి, ఇప్పుడు పని లేక నెమరేస్తూ పడుకుంటుంది.

"ఏమ్మా బొల్లీ, ముఖం అలా ఉందేం?"

బొల్లి చెప్పింది. ఎద్దు అంతా విని, "పైకి మామూలు, లోపల దిగులు. నలుగురిలో ఉన్నా ఒంటరి. ఇదేనా?" అంది.

"నీకెలా తెలుసు తాతా?"

"కోడికీ ఇదే చెప్పాడు."

పెంటకుప్ప మీద నుంచి కోడి ఎగిరి దూకింది. "తాతా! ఎవరికీ చెప్పొద్దన్నాను కదా! అది నా ఒక్కదాని సంగతి."

"నీదేంటి, నాది," అంది గాడిద తలెత్తి. "నా విలువ ఇంట్లోవాళ్ళకు తెలియలేదని స్పష్టంగా చెప్పాడు."

"నీ విలువ బాగానే తెలుసులే. అందుకే రెండు మూటలు ఎక్కువేస్తారు," అంది కోడి.

బొల్లి నవ్వలేదు. "వాడిది అబద్ధమే అనుకో తాతా. నా పిల్ల తినకపోవడం నిజం కదా. గురువారం నిజం కదా."

ఎద్దు లేచి నిలబడింది.

"గానుగ మాన్పించి నన్ను పొలంలో వదిలితే నెల రోజులు గుండ్రంగానే తిరిగాను. కళ్ళకు గంతలు లేవు, మెడ మీద కాడి లేదు. పిచ్చి పట్టిందన్నారు. పిచ్చి కాదమ్మా, అలా నేర్చుకున్నాను. మనసు కంటికి కనబడదు. నడక కనబడుతుంది. పిల్ల ఎప్పుడు వణుకుతోంది? దానికి ముందు ఏం జరిగింది? ఏది లేనప్పుడు బాగుంటోంది? ఊహించకు. చూడు."

"దీన్ని కూడా శాస్త్రమంటారా?"

"దీన్నే అంటారు. వాడు చేసేది బేరం."

బొల్లి కూర్చుని చూసింది. శనివారం కుక్క మీద అనుమానపడింది. కుక్క వచ్చి చుక్క మూతి నాకి పోయింది. పిల్ల బెదరలేదు.

"కుక్క కాదు తాతా."

"మంచిది. ఒకటి తగ్గింది."

ఆదివారం వాన. మంద కదల్లేదు. తీసి ఉన్న తడిక దాటి చుక్క తనంతట తానే బయటికి వెళ్ళి గెంతులు వేసింది. అయితే బయటంటే కూడా భయం లేదు. బొల్లి అలా అనుకుంటుండగానే, మంద ముందు నడిచే పోతుమేక ఈగను తోలుకోవడానికి తల విదిలించింది. దాని మెడలో గంట మోగింది.

చుక్క ఒక్క గెంతులో సాలలోకి వచ్చి మూల గోడకు అతుక్కుంది.

బొల్లికి అప్పుడు గుర్తొచ్చింది. సూదులు వేసే మనిషి సైకిలు మీద వచ్చేవాడు. పైడమ్మను పిలవడానికి గంట కొట్టేవాడు. వెంటనే సూది. ఈమధ్యే రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ గంట, సూది.

బొల్లి వెళ్ళి ఎద్దుకు అంతా చెప్పింది. సూది పడేటప్పుడు కదలకుండా చుక్కను తన డొక్కతో ఆ గోడకు అదిమి పట్టింది తనేనని కూడా.

"నేర్చుకున్నది కదా, ఇంకోలా మళ్ళీ నేర్చుకుంటుంది," అంది ఎద్దు. "పోతును పిలు."

పోతుమేక గడ్డం ఎగరేసింది. "గంట తీసేసి తిరగాలా? మందలో నా పరువేం కాను?"

"తీయొద్దు మావా. దూరంగా నిలబడి ఒక్కసారి తల ఊపు. చాలు," అంది బొల్లి.

చుక్క ముందు సెనగ పొట్టు పెట్టారు. పోతు చింతచెట్టు దగ్గర నుంచి ఒక్కసారి ఊపింది. చుక్క చెవులు నిక్కాయి, మూతి మాత్రం పొట్టులోనే ఉంది. నాలుగు అడుగులు దగ్గరికి, మళ్ళీ పొట్టు, మళ్ళీ గంట. పిల్ల అదిరితే పోతు వెనక్కి. సోమవారమంతా అదే పని. మంగళవారం కూడా. "ఇంత ఓపిక మా అమ్మకు కూడా నా మీద లేదు," అని పోతు సణిగింది గానీ మానలేదు.

బుధవారం పొద్దున్న గంట మోగింది. మంద కదిలింది. వరసలో ఆఖరున చుక్క నడిచింది.

బొల్లి మంద వెంట వెళ్ళలేదు. కంచె దగ్గరకు వెళ్ళింది. నోట్లో చిన్న కుచ్చు ఒకటి ఉంది. మేక వాసన అంటాలని రెండు రోజులుగా దాన్ని పొట్ట కింద పెట్టుకుని పడుకుంది.

"పిల్లేది?" అంది నక్క.

"వస్తుందయ్యా. ముందు ఇది చదివిపెట్టు. మా వాళ్ళలో ఒకదానిది. దాని సంగతి ఇంకా కష్టంగా ఉంది. తిండి ముట్టదు, మాట్లాడదు, నిలబడ్డచోటు నుంచి కదలదు."

నక్క కళ్ళు మూసుకుంది. "పైకి మామూలుగా ఉంటుంది. లోపల చెప్పుకోని దిగులు. నలుగురిలో ఉన్నా ఒంటరిది. చిన్నప్పుడు దెబ్బ తగిలింది. ఒంటికి కాదు. దీన్నీ పంపు తల్లీ, ఒంటరిగా. ఒంట్లో కాస్త కండ ఉందా?"

"కండ లేదు, గడ్డి ఉంది," అంటూ ఎర్రెద్దు గడ్డివాము వెనక నుంచి వచ్చింది. కొమ్ములకు తగిలించుకుని తెచ్చిన దిష్టిబొమ్మను కంచె మీద పడేసింది. బొమ్మకు కొబ్బరి పీచు గడ్డం. ఒక పక్క కుచ్చు ఊడి ఉంది.

వాము వెనక దాక్కున్నవాళ్ళందరూ బయటికొచ్చారు. గాడిద నవ్వు కొండ దాకా వినబడింది.

"లోపల దిగులట!" అని కోడి రెక్కలు కొట్టుకుంది. "లోపల వరిగడ్డి రా నాయనా!"

"శాస్త్రం మీ బుర్రలకు ఎక్కదు," అంది నక్క.

గంగ నవ్వలేదు. కంచె దాకా నడిచొచ్చి నిలబడింది.

"మరి నా పిల్ల?"

నవ్వులు ఆగిపోయాయి.

"కొండ మీద మందలో ఉందన్నావు. ఏ మంద?"

నక్క చెవులు వెనక్కి వాలాయి. చూపు తోటలోకి పోయింది. ఒక కాలు వెనక్కి వేసింది. గంగ అవన్నీ వరసగా చూసింది.

"తెలిసింది," అంది.

ఎద్దు కంచెకు భుజం ఆనించింది. వెదుర్లు ఫెళ్ళున విరిగాయి. నక్క పరుగెత్తింది. ఆ వైపు మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

గురువారం పైడమ్మ చుక్క డొక్క తడిమి, చేతిలో తాడు మేకుకు తగిలించి సంతకు ఒక్కతే వెళ్ళింది. ఆ రోజు బొల్లి గంగ పక్కన పడుకుంది. ఇద్దరి మధ్య చుక్కను పడుకోబెట్టింది.

నీతి: అందరికీ అతికే మాట చెప్పేవాడు ఎవరి మనసునూ చదవలేదు, మనసు తెలియాలంటే ఊహించడం మాని ముందు కూర్చుని చూడాలి.