కంకరపెట్టెలో నడక

పిల్లలూ, మాలకొండయ్యగారి పేరు మీరు విని ఉండరు. ఆయన పేరు ఏ సినిమా టైటిల్సులోనూ పడలేదు. మనం ఉంటున్న ఈ దూరపు ఊళ్ళో ఆయన సంగతి చెప్పేవాళ్ళూ లేరు. అందుకని నేనే చెబుతున్నాను.

మద్రాసులో సినిమాలకు చప్పుళ్ళు చేయడం ఆయన పని. తెరమీద మనిషి నడుస్తుంటే, ఆ బొమ్మను చూస్తూ చీకటి గదిలో ఇంకొకరు నడిచి, ఆ చప్పుడు విడిగా రికార్డు చేసేవారు. చెక్కపెట్టెల్లో కంకర, ఇసుక, ఎండుటాకులు పోసి ఉండేవి. వాటిలో నడవాలి.

ఆయన శిష్యుడు నూకరాజు, విజయనగరం వైపువాడు. ఏడేళ్ళు నేర్చుకుని మొదటిసారి ఒక సినిమా సొంతంగా ఒప్పుకున్నాడు. అంతా బాగానే జరిగింది గాని, ఒక్క సీను దగ్గర ఆగిపోయాడు. ఒక తల్లి కూతుర్ని హాస్టల్లో వదిలి, కంకరదారిన గేటుదాకా వెళ్తుంది. మాటల్లేవు, పాట లేదు. నడక ఒక్కటే.

మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ డైరెక్టరు వద్దన్నాడు.

"ఇది తల్లి నడక కాదయ్యా, కానిస్టేబుల్ నడక. సాయంత్రంలోగా కుదరకపోతే చెప్పు, ఇంకొకర్ని పిలిపిస్తాను."

నూకరాజు పరుగున గురువుగారింటికి వెళ్ళాడు.

"ఒక్క అడుగు తప్పలేదు గురువుగారూ! ఆవిడ కాలు పడ్డప్పుడల్లా నా కాలు పడింది. ఆయనకే చెవుడు."

"చెవుడేమో. పద, నేనూ వింటాను."

స్టూడియోలో నూకరాజు పంచె ఎగ్గట్టి, ఆడవాళ్ళ చెప్పులు తొడుక్కుని కంకరపెట్టెలో నిలబడ్డాడు.

"ఆ మీసం ఒక్కటే అడ్డంరా. లేకపోతే ఈపాటికి సంబంధాలొచ్చేవి," అన్నారు గురువుగారు.

బొమ్మ వేశారు. నూకరాజు నడిచాడు. నిజమే, ఒక్క అడుగు తప్పలేదు.

మాలకొండయ్యగారు లేచి, వెనక ప్రొజెక్టరు గదిలోకి వెళ్ళారు. మళ్ళీ బొమ్మ పడేసరికి తెర కింది సగం చీకటిగా ఉంది. ఆయన వెలుగుకు అడ్డంగా అట్టముక్క పట్టుకున్నారు.

"గురువుగారూ, కాళ్ళు కనబడట్లేదు!"

"తెలుసు. అడ్డం పెట్టింది నేనే."

"కాళ్ళు కనబడకపోతే ఎలా నడిచేది?"

బొమ్మ మళ్ళీ మొదటికి వచ్చింది. నూకరాజు చేసేదిలేక చూస్తూ నిలబడ్డాడు. ఆ తల్లి ఒక గుడ్డసంచిని గుండెకు ఆనించుకుని ఉంది. పెదవి కొరుక్కుంటోంది. గేటు దగ్గరపడుతుండగా మెడ కొద్దిగా వెనక్కి తిరగబోయి ఆగిపోయింది.

బొమ్మ ఇంకోసారి తిరిగింది. నూకరాజు కదల్లేదు.

"ఆవిడ ఏడుస్తోందా గురువుగారూ?"

"నాకేం తెలుసురా? పొద్దుట్నుంచీ చూస్తున్నది నువ్వు."

ఆ తర్వాతిసారి నూకరాజు నడిచాడు. ఆవిడ మెడ ఆగినచోట అతని కాలు కంకరమీద ఒక్క క్షణం బరువుగా నిలిచి, మళ్ళీ కదిలింది.

సాయంత్రం డైరెక్టరు విన్నాడు. "ఇది ఉంచండి," అన్నాడు.

సినిమా విడుదలయ్యాక గురుశిష్యులిద్దరూ నేల టిక్కెట్టు కొనుక్కుని చూశారు. ఆ సీను వచ్చేసరికి హాల్లో ఎంతోమంది కళ్ళొత్తుకున్నారు. బయటికొచ్చిన నూకరాజు ముఖం చిన్నబోయి ఉంది.

"అందరూ ఆవిణ్ణే మెచ్చుకుంటున్నారు. నా నడక ఒక్కరికీ వినబడలేదు గురువుగారూ."

మాలకొండయ్యగారు తను తింటున్న వేరుశనగల పొట్లం అతని చేతిలో పెట్టారు.

"ఆవిడ నడక వినబడింది కదరా," అన్నారు.

ఇంతే కథ. మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు మాత్రం ఆ ఇద్దరి పేర్లూ తప్పకుండా చెప్పండి. తెరమీద పడని పేర్లు, మనం పలికితేనే ఉంటాయి.