దోమపిల్ల తల ఎందుకు దించుకుంది?

ఒకప్పుడు దోమపిల్లలు నీళ్ళలో తలెత్తుకునే ఈదేవి. తల ఒక్కటేనా, నోరు కూడా ఎత్తేవి. ఆ కుంటలో వాటిని మించిన వాగుడుకాయలు లేవు.

కుంట కనకరత్నం పెరట్లో ఉండేది. తనే తవ్వింది, తనే చేపల్ని వదిలింది. పూటపూటా మెతుకులు చల్లేది. ఒకనాడు చెల్లెలి పురుడని కబురొచ్చింది. ఇక నెల్లాళ్ళు ఆమె ఊళ్ళో ఉండదు.

"అయ్యో, మా గతేంటమ్మా?" పెద్ద చేప గొల్లుమంది.

"ఏడవకే. నేను లేకపోయినా ఈ కుంటే మీకు వండిపెట్టాలి," అంటూ కనకరత్నం ఇంత పేడ తెచ్చి నీళ్ళలో కలిపింది. ఎండలు బాగా కాశాయి. ప్రయాణం నాటికి నీళ్ళు పచ్చగా పాచిపట్టాయి.

సంచీ చంకన పెట్టుకుని, గట్టు మీద నిలబడి అడిగింది. "పాచిని తినేదెవరు?"

"మేము! మేమే ముందు!" దోమపిల్లలు ఎగిరెగిరి పడ్డాయి. "పాచి అందరిదీ! మా వాటా మాకు కావాలి!"

నత్తా, తోకకప్పా కూడా తలూపాయి.

పాచి నవ్వింది. "తినండర్రా. ఎండ ఉన్నన్నాళ్ళూ నేను మళ్ళీ మొలుస్తూనే ఉంటాను."

"బాగుంది. మరి చేపలకి కూడయ్యేదెవరు?" అంది కనకరత్నం.



"నేను ఇల్లు చూసుకోవాలి," అని నత్త తలుపేసుకుంది.

"నాకు కాళ్ళొస్తున్నాయి, రేపో మాపో గట్టెక్కిపోతా," అంది తోకకప్ప.

మరి దోమపిల్లలో? టీచర్ ప్రశ్న అడగ్గానే మీరేం చేస్తారు? అదే చేశాయి. అన్నీ ఒక్కసారే తలలు దించేశాయి.

"ఏమర్రా! తినడానికి ముందు వరసా, పెట్టడానికి వెనక వరసా?" కసిరింది కనకరత్నం.



"నువ్వు వెళ్ళిరా అమ్మా," అంది పెద్ద చేప. "తలలు దాచుకున్నారు గానీ, తోకలన్నీ పైనే ఉన్నాయి."

గుటుక్!

మిగిలినవి హడలిపోయి ఇక తల ఎత్తితే ఒట్టు. ముక్కు మునిగి ఊపిరాడలేదు. పాపం, తోకతోనే గాలి పీల్చడం నేర్చుకున్నాయి.

నెల తిరిగాక కనకరత్నం వచ్చి కుంటలోకి వంగి చూసింది. చేపలు బొద్దుగా ఉన్నాయి. ఆమె నీడ నీళ్ళ మీద పడిందో లేదో, "బాబోయ్, మళ్ళీ అడగడానికొచ్చింది!" అని దోమపిల్లలు మెలికలు తిరుగుతూ అడుక్కి పారిపోయాయి.

అప్పటినుంచే దోమపిల్ల తల కిందికీ తోక పైకీ పెట్టి నీళ్ళలో వేలాడుతుంది. మీ నీడ పడితే చాలు, మెలికలు తిరుగుతూ మునిగిపోతుంది. మీరు ఏమీ అడక్కపోయినా సరే!