ఆగి ఆగి ఏడ్చిన అవ్వ

ఓబుళయ్య అయ్యవారిని ప్రశ్న అడగడమంటే కాళ్ళకు పని పెట్టుకోవడమే. అడిగినదానికి ఆయన అవునని గానీ కాదని గానీ అనేవారు కాదు. కాసేపు గడ్డం నిమురుకొని, లేచి చెప్పులు వేసుకొని, "చూసొద్దాం పా" అనేవారు. లోభమంటే ఏమిటని అడిగిన ఒక శిష్యుణ్ణి మండుటెండలో టమాటా మండీకి నడిపించుకుపోయి, సాయంత్రం దాకా వేలంపాట దగ్గర నిలబెట్టి, ఒక్క మాటా చెప్పకుండా ఇంటికి తీసుకొచ్చారు. అందువల్ల ఎండాకాలంలో శిష్యులకు సందేహాలు కొంచెం తక్కువగానే వచ్చేవి. మదనపల్లె కాలేజీలో ఏళ్ళ తరబడి తర్కం చెప్పిన మనిషి రిటైరయ్యాక వాదన మీద ఇంత నమ్మకం పోగొట్టుకున్నాడేమిటని పాత సహోద్యోగులు నవ్వుకునేవారు.

వకుళ ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. పైచదువుకు గ్రీసు వెళ్ళి, అక్కడి భాష పట్టుబడి అక్కడే ఉండిపోయి, చివరికి మనవాళ్ళను చిన్న చిన్న జట్లుగా పిలుచుకెళ్ళి ఆ దేశం చూపించే పని పెట్టుకుంది. చూపించడమంటే బస్సు దిగి, గోడ ముందు నిలబడి ఫొటో తీయించుకొని, పులిహోర పొట్లం విప్పి, ఆ కాగితం అక్కడే పారేసి మళ్ళీ బస్సెక్కడం కాదు. ఆమె పద్ధతులు వేరు. జట్టులో ఎనిమిది మందికి మించకూడదు. ఊరివాళ్ళ ఇళ్ళల్లోనే ఉండాలి, వాళ్ళు తిన్నదే తినాలి, వాళ్ళు వాడినన్ని నీళ్ళే వాడాలి. వచ్చిన ఆదాయం ఊరి ఉమ్మడి పెట్టెకు పోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, మనం తెచ్చింది ఏదీ అక్కడ వదిలి రాకూడదు. ఈ చివరి నియమం కోసం వకుళ భుజాన ఎప్పుడూ ఒక గుడ్డసంచి ఉండేది. బిస్కెట్ కాగితం కనిపించినా, జుట్టుకు పెట్టుకునే పిన్ను కనిపించినా వంగి ఏరి అందులో వేసేది.

ఒక దీపావళికి వచ్చినప్పుడు ఆమె అయ్యవారి అరుగు మీద కూర్చుని అడిగింది. "అయ్యవారూ, మనం పోవడం వల్ల ఒక ఊరికి మేలే తప్ప చెరుపు జరగకుండా ఉండాలంటే, ఆ ఊరికి ఎట్ల పోవాలి?"

అడిగిందే గానీ, జవాబు తన దగ్గరే ఉందన్న ధీమా ఆమె గొంతులో దాగలేదు. ఇంకొన్ని ఊళ్ళలో ఇలాంటి ఏర్పాటే చేయబోతోంది. ఆయన నోటి నుంచి ఒక మంచిమాట కావాలి, అంతే. అందుకని తను ఆరేళ్ళుగా జట్లను తీసుకెళ్తున్న ఒక కొండ ఊరి సంగతి వివరంగా చెప్పుకొచ్చింది. ఆ ఊరి పేరు నేను రాయను. రాస్తే రేపే టికెట్లు కొనేవాళ్ళున్నారు.

సముద్రం పైన, ఆలివ్ చెట్ల నడుమ, రాళ్ళతో కట్టిన ఊరు. వకుళ వెళ్ళేనాటికి బడి మూతబడింది, నీళ్ళ తొట్టి బీటలు వారింది, పడుచువాళ్ళు చాలామంది పట్నాలకు పోయారు. ఇప్పుడు బడి తెరిచారు. తొట్టి బాగుచేశారు. వారానికొకసారి డాక్టరు బండి పైకి వస్తోంది. ఇవన్నీ నిజాలు. వకుళ అబద్ధాలు చెప్పే పిల్ల కాదు.

అయితే మనవాళ్ళు అంత దూరం పోయేది నీళ్ళ తొట్టి చూడడానికి కాదు, స్తమాతా అవ్వ శోకాలు వినడానికి. ఆ ఊళ్ళో మనిషి పోతే ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని, పోయినవాడి బతుకంతా పాటగా చెప్పుకుంటూ ఏడుస్తారు. ఒకరి ఊపిరి అయిపోయేచోట ఇంకొకరు అందుకోవాలి. మట్టి చేసేదాకా నిశ్శబ్దం పడకూడదు. పడితే, అందరూ తనను వదిలేసి వెళ్ళిపోయారని పోయినవాడు అనుకుంటాడట. ఆ ఏడుపులో స్తమాతాను మించినవాళ్ళు చుట్టుపక్కల లేరు. అతిథుల ముందు మటుకు ఆమె ఎప్పుడో పోయిన తన భర్త కోసం పాడేది.

"ఆ యమ్మ ఏడుపు మనోళ్ళకు ఎట్ల తెలుస్తుంది?" అని అడిగారు అయ్యవారు.

వకుళ ముఖం వెలిగింది. "నేను చెప్తాను కదా అయ్యవారూ. మొదట్లో ఆపకుండా పాడుకుంటూ పోయేది. మనవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాక పైకప్పు చూస్తూ కూర్చునేవాళ్ళు. అప్పుడు నేనే బతిమాలి, రెండేసి పాదాలకు ఒకసారి ఆగమన్నాను. ఏడుపు ఎక్కడైనా ఆగుతుందా అని నవ్వింది. ఆగితే మాట మరిచిపోయేది. ఇప్పుడెంత బాగా అలవాటైందో! నేను తెలుగులో చెప్పడం అయ్యేదాకా కచ్చితంగా ఆగి, మళ్ళీ ఎత్తుకుంటుంది. మనవాళ్ళకు కళ్ళనీళ్ళు వచ్చేది ఆ సందులోనే."

అయ్యవారు గడ్డం నిమురుకున్నారు. వకుళకు గుండె జారింది. గ్రీసు టమాటా మండీ అంత దగ్గర కాదు గదా.

"చూసొద్దాం పా" అన్నారాయన. "మీ జట్లు పోని కాలంలో పోదాం. ముందుగా ఎవరికీ చెప్పొద్దు. చుట్టాలు ఇంట్లో ఎట్ల మసులుకున్నారనేది వాళ్ళు పోయినాకనే గదా తెలిసేది."

జనవరిలో వెళ్ళారు. కోతిటోపీ, రెండు స్వెట్టర్లు, పైన శాలువా, ఇన్నిట్లో కూరుకుపోయిన అయ్యవారు విమానంలోనూ బస్సులోనూ హాయిగా నిద్రపోయారు. వకుళకే నిద్ర పట్టలేదు. పరీక్షకు బాగా చదివిన పిల్లలు కూడా ఫలితాల ముందురోజు రాత్రి మేలుకునే ఉంటారు చూడండి, అలా.

ఊరి కింద మలుపులో బస్సు దిగేసరికి వాన తుంపర. మామూలుగా అక్కడ స్తమాతా ఒక్కగానొక్క కొడుకు పెత్రోస్ నిలబడి ఉండేవాడు. మేకలు మేపుకుంటూ, పెళ్ళాంతో తల్లి దగ్గరే ఉండిపోయిన మనిషి. పెద్ద నవ్వు నవ్వి, మన ముసలివాళ్ళ పెట్టెలన్నీ తానే భుజానికెత్తుకొని మెట్లెక్కేవాడు. "కవురు పంపకుండా వస్తే ఎవరు ఎదురొస్తారులే" అనుకుంది వకుళ. పెట్టెలు మోసుకుంటూ ఇద్దరూ పైకెక్కారు. దారిలో వకుళ నీళ్ళ తొట్టి చూపించింది, బడి కిటికీలో వెలుగు చూపించింది. అయ్యవారు బడి ముందు ఒక్క క్షణం ఆగి, "బాగుండాది" అన్నారు. మనసారానే అన్నారు. ఆ మాటతో వకుళకు ప్రాణం లేచివచ్చింది.

అప్పుడు పై సందులోంచి స్తమాతా గొంతు వినిపించింది.

"విన్నారా! జట్టు లేకపోయినా పాడుకుంటోంది. తన కోసం తను పాడుకుంటోంది" అంది వకుళ సంతోషం పట్టలేక.

గొంతు ఆగింది. రాళ్ళ మీద వాన చప్పుడు మాత్రం మిగిలింది. కాసేపటికి గొంతు మళ్ళీ లేచి, రెండు పాదాలు పాడి, మళ్ళీ ఆగింది. ఆ ఆగడం వకుళకు బాగా తెలుసు. అది తాను మాట్లాడే చోటు. అంటే వేరే ఎవరో అతిథుల్ని తెచ్చి కూర్చోబెట్టారు, తన అవ్వ దగ్గర తన చోట కూర్చుని ఇంకెవరో అర్థం చెబుతున్నారు! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఈ మాట ఆమె తర్వాత తనంతట తానే ఎన్నోసార్లు చెప్పుకుంది, చెప్పుకున్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయింది. పెట్టె అక్కడే వదిలేసి గబగబా మెట్లెక్కింది.

ఇంటి తలుపు మీద నల్లగుడ్డ ఉంది. లోపల అతిథులెవరూ లేరు. నల్లబట్టల్లో ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఉన్నారు. నడుమ, తలాపున వెలుగుతున్న కొవ్వొత్తుల కింద పెత్రోస్ ఉన్నాడు. వానలకు నానిన పొలం గట్టు గోడను సర్దబోతే, గోడ అతని మీద పడింది.

స్తమాతా తలెత్తి చూసింది. చూసి ఏడవలేదు. చేత్తో తన పక్కనున్న ముక్కాలిపీటను ముందుకు జరిపింది. అది వకుళ ఎప్పుడూ కూర్చునే పీట.

"వచ్చావా బిడ్డా, నా పాలిట దేవతలా వచ్చావు" అంది అవ్వ. "పొద్దున్నుంచీ ఇదే. రెండు మాటలు అనేసరికి నోరు దానంతటదే మూతబడుతోంది. ఆగకూడదు, ఆగకూడదు అనుకుంటూనే ఆగిపోతున్నాను. మొగుడు పోయినప్పుడు తెల్లారేదాకా ఆపకుండా ఏడ్చినదాన్ని నేను. నా కొడుకు కోసం మాత్రం నా నోరు పెగలడం లేదు. వాడు ఆ నిశ్శబ్దంలో ఒక్కడే పడుకున్నాడు. అమ్మ తనను వదిలేసి వెళ్ళిపోయింది అనుకుంటున్నాడు. కూర్చో. నేను ఆగినప్పుడల్లా నువ్వు చెప్పు."

"ఎవరికి చెప్పను అవ్వా?"

"ఎవరికైనా చెప్పు. వాణ్ణి నిశ్శబ్దంలో మాత్రం వదలకు."

మిగతా ఆడవాళ్ళు అందుకోకూడదా అని అడుగుతారేమో. వాళ్ళూ ఆరేళ్ళుగా ఆ గదిలోనే కూర్చున్నవాళ్ళు. అవ్వ ఆగినచోట అతిథుల కోసం పెదవులు బిగించుకోవడం వాళ్ళకూ అలవాటైపోయింది. పాపం, ఎంతో మర్యాద తెలిసిన మనుషులు.

వకుళ పీట మీద కూర్చుంది. గుమ్మం పక్కన అయ్యవారు టోపీ తీసి చేతిలో పట్టుకొని నేల మీద కూర్చున్నారు. వకుళ కాక ఆ గదిలో తెలుగు తెలిసినవారు ఆయనొక్కరే. స్తమాతా కళ్ళు మూసుకొని ఎత్తుకుంది, రెండు పాదాలు పాడి ఆగింది. వకుళ చెప్పింది:

"తడి చొక్కాతో యాడికి పోతావు నాయనా, అది ఇంకా ఆరనే లేదు. తలుపు వేయొద్దు, చలికాలం ఇంకా పోలేదు."

అవ్వ మళ్ళీ ఎత్తుకుంది, ఆగింది.

"గోడ కట్టడం మీ నాయన నేర్పినాడు నీకు. గోడ కింద పడుకోవడం ఎవరు నేర్పినారు?"

ఎంతోమంది ముందు, ఎంతో అందంగా అర్థం చెప్పిన వకుళ గొంతు ఆవేళ గీసుకుపోయింది. ఏడవడానికి లేదు. ఏడిస్తే మాట తెగుతుంది, మాట తెగితే నిశ్శబ్దం పడుతుంది. తల్లి ఆగినప్పుడు తాను, తాను ఆగినప్పుడు తల్లి, ఇలా ఒక్క శోకాన్ని ఇద్దరూ చెరొక కొస పట్టుకొని మోశారు. కన్నకొడుకు కోసం ఏడవడానికి ఒక తల్లికి తన సాయం కావలసివచ్చిందన్న సంగతి, మోస్తున్నంతసేపూ వకుళను లోపల కోస్తూనే ఉంది.

"నీ మేకలకు నీ గొంతే తెలుసు, నా పిలుపుకు రావు. రేపు పొద్దున వాటికి ఏం చెప్పమంటావు?"

శవాన్ని మట్టికి ఎత్తేవేళకు స్తమాతా శోకం ముగిసింది. ఆమె వకుళ రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకుంది. ఆ క్షణంలో ఎవరైనా చెంప పగలగొట్టి ఉంటే వకుళకు కొంత హాయిగా ఉండేది.

పెత్రోస్‌ను ఊరి పైన శ్మశానంలో మట్టి చేశారు. రాత్రికి ఉండమని అవ్వ అడిగింది గానీ, ఆ ఇంట్లో పడుకునే ధైర్యం వకుళకు లేకపోయింది. రోజుకు ఒకటే బస్సు, వచ్చినదే సాయంత్రం తిరిగి పోతుంది. గురుశిష్యులిద్దరూ పెట్టెలు తీసుకొని కిందికి దిగి మలుపు దగ్గర నిలబడ్డారు. వాన వెలిసింది.

"ఇంక ఇక్కడికి ఎవర్నీ తీసుకురాను అయ్యవారూ" అంది వకుళ. "బడి మూతబడుతుందేమో. డాక్టరు బండి నిలిచిపోతుందేమో. అయినా సరే, తీసుకురాను."

బండరాయి పక్కన, కిందటి జట్టువాళ్ళెవరో పడేసిన చాక్లెట్ కాగితం తడిసి అతుక్కుపోయి ఉంది. వకుళ చూసింది. ఏడుస్తూనే, ఏం చేస్తున్నదీ తెలియకుండానే వంగి, దాన్ని గోటితో ఊడదీసి గుడ్డసంచిలో వేసుకుంది.

పైనుంచి ఒక గొంతు లేచింది. స్తమాతాది కాదు, పడుచు గొంతు. పెత్రోస్ పెళ్ళాం సమాధి దగ్గర కూర్చుని ఏడుస్తోంది. రెండు పాదాలు ఏడ్చి ఆగింది. ఆమె శోకం అత్త దగ్గర నేర్చుకున్నది, అత్త అతిథుల ముందు పాడగా విని నేర్చుకున్నది. ఆ ఆగే సందుతో సహా నేర్చుకుంది. కొండ మీద ఏమీ వినిపించలేదు. చాలాసేపు వినిపించలేదు. తర్వాత మళ్ళీ రెండు పాదాలు.

బస్సు వచ్చి ఆగింది. వకుళ ఒక కాలు మెట్టు మీద పెట్టి, కదలలేక కొండ వైపే చూస్తూ నిలబడిపోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. అయ్యవారు ఆమె భుజానున్న సంచి వైపు చూశారు.

"అంతా ఏరుకున్నావా, అమ్మా?" అన్నారు.