బాతులు పొదిగిన చేపగుడ్లు

గుమ్మడిలంకలో బుర్రలన్నీ ఒక ఎత్తు, తన ఇంటి బుర్రలు ఒక ఎత్తు అని నాంచారయ్య గట్టి నమ్మకం. పెళ్ళాం తిరపతమ్మా, తమ్ముడు పోలయ్యా కూడా అదే నమ్మేవాళ్ళు. ఇంట్లో ఒక్కళ్ళూ కాదనకపోతే అది నిజమే కదండీ మరి.

ఆ ఏడు లంక చెరువులో చేప పలచబడింది. కులపెద్ద ఘంటయ్య అందర్నీ కూచోబెట్టి కట్టుబాటు పెట్టాడు. "పిల్లచేపలు తప్పించుకునేలా వల కన్నాలు పెద్దవిగా ఉండాలి. తప్పిజారి చిన్నది పడితే నీళ్ళలో వదిలెయ్యాలి. మాట తప్పినవాడి పడవ ఏడాదంతా గట్టు మీదే."

పడవ గట్టున పడితే ఇంట్లో పొయ్యి వెలగదు. నాంచారయ్యకి భయం పట్టుకుంది. అంతే, కత్తి తీసుకుని వల ముందేసుక్కూచున్నాడు.

"పిల్ల ఒక్కతే బయటికెలా పోతుందన్నా? తల్లి తోడుండొద్దూ?" అన్నాడు పోలయ్య.

"మేనత్త కూడా వస్తానంటుందేమో," అంది తిరపతమ్మ.

ఇంకేముంది, చుట్టాలందరికీ సరిపడా కోశాడు. మర్నాడు ఆ కన్నంలోంచి పోలయ్యే జారి చెరువులో పడ్డాడు.

అయినా ఓ చిట్టి మీసాల జెల్లచేప ఎలాగో చిక్కింది. నాంచారయ్య దాన్ని భద్రంగా ఇంటికి తెచ్చి మంచినీళ్ళ బిందెలో వదిలాడు. నీళ్ళలో వదలమన్నారు, ఇంతకంటే మంచి నీళ్ళు ఎక్కడున్నాయని. దాహమని వచ్చిన ఘంటయ్యకి గ్లాసులో తనవి కాని మీసాలు కనబడ్డాయి.

"ఒరేయ్ నాంచారూ, ఇదే ఆఖరు. చెరువు అంచున కిక్కిస గడ్డిలో చేపలు గుడ్లు పెట్టాయి. ఈ నెల ఎవరూ వల వెయ్యరు. ఆ గుడ్లు పిల్లలయ్యేదాకా కాపలా ఉండు. పాడయ్యాయా, నీ పడవ గట్టుకే."

ఎంతసేపు చూసినా ఏ చేపా వచ్చి గుడ్ల మీద కూచోలేదు.

"పొదిగే దిక్కు లేదు పాపం. మన కోడిని పెడదామా?" అంది తిరపతమ్మ.

"కోడికి ఈత రాదే, పిచ్చిదానా," అని నాంచారయ్య తన తెలివికి తనే మురిసిపోయాడు. అంతే, పెరట్లో బాతులన్నిటినీ గడ్డిలోకి తోలాడు. అవి తలలు ముంచి తోకలు పైకెత్తాయి.

"ముద్దులు పెడుతున్నాయన్నా," అన్నాడు పోలయ్య.

సాయంత్రానికి ఒక్క గుడ్డు లేదు. ఘంటయ్య వచ్చి తల పట్టుకున్నాడు. "మింగేశాయిరా. అన్నీ వాటి కడుపులోనే ఉన్నాయి."

"కడుపులో ఉంటే ఎక్కడికి పోతాయి బాబాయ్," అన్నాడు నాంచారయ్య.

తెల్లారేసరికి గూట్లో బాతులు గుడ్లు పెట్టి ఉన్నాయి. నాంచారయ్య ప్రాణం లేచొచ్చింది. బుట్టకెత్తుకుని పరుగెత్తాడు. రేవులో ఘంటయ్య అప్పటికే పడవని గట్టుకి లాగుతున్నాడు.

"ఆగు బాబాయ్, తిరిగిచ్చేశాయి. ఒక్క రాత్రికే ఎంత బలిశాయో చూడు."

"అవి బాతు గుడ్లురా."

నాంచారయ్య ఆయన్ని జాలిగా చూసి, ఓ గుడ్డు తీసి చెరువులో వేశాడు. అది బుడుంగున మునిగింది.

"బాతుదైతే తేలదూ?" అని, బుట్టెడు గుడ్లూ కుమ్మరించి, పడవని మళ్ళీ నీళ్ళలోకి తోశాడు.